ఊటీ దుంపకు కొత్తగూడెం ఐసు

నిన్న మా పెరట్లో పువ్వు పూసింది. దాన్ని చూడ్డానికి ఊటీ నుంచి మనిషి వచ్చింది. వచ్చింది, చూసింది, ముక్కు మూసుకుంది! ఎట్లా జరిగిందో చెబుతాను వినండి. నవ్వుకోండి, పరవాలేదు. తరవాత నన్ను ఓదార్చకుండా ఉంటే చాలు.

సుభద్ర వదిన మా చిన్నమ్మాయి అత్తగారు. వాళ్ళాయనకు తేయాకు తోటల్లో ఉద్యోగం, ఊటీలోనే స్థిరపడ్డారు. మొన్న చలికాలంలో వచ్చినప్పుడు చిలగడదుంపల గుత్తిలాంటిది ఒకటి పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

"డేలియా, వదినగారూ. చలికాలమంతా దుంప నిద్రపోతుంది. ఎండాకాలంలో లేచి పళ్ళెమంత పువ్వులు పూస్తుంది. ఏటేటా అదే దుంప. ఉగాది దాటాక నాటండి. రోహిణి కార్తెలో భద్రాచలం దర్శనానికి వస్తాం కదా, అప్పుడు మీ పెరట్లో నేను చూడాలి!"

నేను బడికి పోయింది తక్కువే. అయినా పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారెయ్యను. చదివింది నిలవడం లేదు, అదీ ఈ మధ్య వచ్చిన బాధ. మా అక్క చివరి రోజుల్లో నన్ను చూసి "ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది. అప్పటి నుంచి పొయ్యి మీద పాలు మరిచినా నా గుండె గుభేలుమంటుంది. అందుకని ఏది గుర్తుంచుకోవాలన్నా కొంగుకు ముడి వేసుకుంటాను. దుంపకు కూడా నీలం చీర కొంగున వేశాను. ఉతికినా విప్పలేదు.

ఉగాది వెళ్ళాక ఒకరోజు ఆ ముడి చేతికి తగిలింది. దుంప! గోడ పక్కన గుంత తవ్వి ఎరువు వెయ్యడం కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. నాటే ఉంటాను. కానీ ఆ గోడ పొడుగునా ఎక్కడ? ఎంత తలుచుకున్నా రాలేదు. కొడవలి పట్టుకుని గోడ వెంట మెల్లగా గెలకడం మొదలుపెట్టాను.

"ఏందే, పెరడంత కోడి లెక్క గెలుకుతున్నవ్?" అన్నారు మా ఆయన, అరుగు మీద నుంచి.

"కలుపు తీస్తున్న."

"ఆ దుంప ఏడ పెట్టినవో మర్సినవ్ గదా?"

"ఎందుకు మరుస్త? నాకు మంచిగ గుర్తుంది!"

అబద్ధమాడాక ఇక రోజూ భయమే. పువ్వు రాకపోతే వదినకు ఏం చెప్పాలి? నన్ను కూడా మా అక్కలాగే చూస్తారేమో! అట్లా కుములుతుండగా ఒక పొద్దున గోడ పక్కన నేల పగిలి, ఊదారంగు మొగ్గ తల ఎత్తింది. ఆకు లేదు, కొమ్మ లేదు, తిన్నగా మొగ్గే! నా ప్రాణం లేచి వచ్చింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

"అవ్, ఏదో ఉన్నది," అన్నారు. కళ్ళద్దాలు లోపల మరిచి వచ్చారు లెండి. మరుపు నా ఒక్కదానిదే కాదు.

అయితే ఇది ఊటీ చెట్టు. మాదేమో బొగ్గు గనుల ఊరు, ఎండ నెత్తి మాడుస్తుంది. తాటాకు పందిరి వేశాను. చుట్టూ తడి గోనెసంచులు పరిచాను. అదీ చాలదనిపించింది. మా వాడు కొన్న ఫ్రిజ్ ఉండనే ఉంది కదా! రోజూ మధ్యాహ్నం పైనుంచి ట్రే తియ్యడం, ఐసు ముక్కలన్నీ మొగ్గ చుట్టూ పొయ్యడం. ఇంట్లో ఎవరికీ మజ్జిగలోకి ఒక్క ముక్క మిగల్లేదు.

పక్కింటి జైనబీ గోడ మీద నుంచి చూసి, "అక్కా, దుప్పటి గూడ కప్పు! దానికి చలి పెడ్తదేమో!" అంది.

నిన్న పొద్దున వదిన వాళ్ళు రైలు దిగే వేళకు మొగ్గ విచ్చుకున్నట్టుంది. అంతకన్నా ముందు వాసన వచ్చింది. అబ్బ, ఏం కంపు! ఎలుక చచ్చిందని ఆయన అటక మీది సామానంతా దింపారు. నేను బియ్యం డబ్బాల వెనక వెతికాను. "అక్కా, మీ దిక్కే ఏదో సచ్చింది, జల్దీ సూడు!" అని అటు నుంచి జైనబీ. ఇల్లంతా ఊదొత్తులు వెలిగించాను. సరిగ్గా అప్పుడే సుభద్ర వదిన గుమ్మంలో అడుగు పెట్టింది.

"ముందు పువ్వు చూద్దాం పదండి, వదినగారూ!"

వెళ్ళాం. ఇత్తడి బేసినంత పువ్వు, ముడతలు ముడతలుగా, నల్లటి ఊదా. నడుమ పుట్టగొడుగులాంటి ముద్ద. చుట్టూ జుమ్మని ఈగలు. ఎలుక ఎక్కడుందో అప్పుడు తెలిసింది!

వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పాపం, మర్యాద తప్పకుండా అంది: "మా ఊటీలో... ఇంత బలంగా రాదండీ."

ఈసారి మా ఆయన కళ్ళద్దాలతో వచ్చారు. వంగి చూసి ఒకటే నవ్వు. "ఓసినీ! ఇది మా అమ్మ పెట్టిన కంద గదనే! ఏండ్ల తరబడి తవ్వకుంట ఇడిస్తే గిట్ల పూస్తది!"

నేను కందకూర ఎన్నిసార్లు వండానో! కంద పువ్వు మాత్రం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అందరూ నవ్వుతున్నారు గానీ నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. "నాటాను వదినా. ఎక్కడ నాటానో మర్చిపోయాను. ఇన్నాళ్ళూ దాచాను," అన్నాను.

ఆమె నన్ను లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. "దుంపదేముంది, ఇంకోటి తెస్తాను. ముందు చల్లటి నీళ్ళు తాగండి," అని తనే ఫ్రిజ్ తెరిచింది. సీసా తీసింది. వంగింది. నిమ్మకాయ కోసం కింద కూరగాయల పెట్టె లాగింది.

"వదినగారూ, ఇదేంటి?"

చేతిలో పేపరు పొట్లం! చినుగుల్లోంచి పాలిపోయిన మొలకలు తొంగి చూస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, మొత్తం! దుంప నిద్రపోవాలి, కొత్తగూడెంలో అంత చలి ఎక్కడిదని నేనే అక్కడ పడుకోబెట్టాను. ఉగాది దాటాక తియ్యాలని ముడి వేసుకున్నాను. గుంత మాత్రం ముందే తవ్వి, ఎరువు వేసి పూడ్చి ఉంచాను.

"నేను సూసిన, చామదుంపలనుకున్న," అన్నారు ఆయన. "పైన ఐసు తీసి కందకు పోసుడు, కింద డేలియా సూస్కుంట కూసునుడు!"

సాయంత్రం వదిన తన చేత్తోనే దాన్ని కుండీలో నాటి, నడవలో నీడన పెట్టింది. ఎక్కడ నాటానోనని ఇన్నాళ్ళూ బెంగపడ్డాను. అసలు నాటనే లేదు!

ఇంతవరకూ అయితే నేనూ నవ్వేదాన్నే. ఇవాళ పొద్దున ఆకుపచ్చ చీర కడుతుంటే దాని కొంగుకూ ఒక ముడి కనబడింది. మీలో ఎవరికైనా నేనేమన్నా చెప్పి ఉంటే కాస్త గుర్తుచేద్దురూ!