అద్దాల్లో దొరికిన తల

మా ఆయన్ని వీధిలో అందరూ టచప్ అంటారు. ఆయనకి పెట్టిన పేరు వేరే ఉందని నాకూ మా అత్తగారికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. ఫొటో స్టూడియో ఆయనది. ముందు గదిలో కౌంటరు, ఫ్రేములు తగిలించిన గోడ. వెనక గదిలో తెల్ల తెర, గొడుగు లైట్లు, ఎత్తు పెంచి తగ్గించే స్టూలు, ఓ మూల కంప్యూటరు. ఫొటో తీయడానికేముంది, ఎవరైనా తీస్తారు. ఈయన ప్రతాపమంతా ఆ మూలనే. మొటిమ మాయం చేయాలన్నా, గడ్డం కింద మడత తీసేయాలన్నా, సరిగ్గా క్లిక్‌మన్నప్పుడే మూసుకున్న కన్ను తెరిపించాలన్నా ఇక్కడికే రావాలి. అన్నిటికన్నా ఎక్కువమంది వచ్చేది జుట్టు కోసం.

"ఇక్కడ కొంచెం నింపండి మాస్టారూ" అని నుదుటి మీద వేలు పెట్టి చూపిస్తారు మగవాళ్ళు. కౌంటరులో నేనున్నానని గొంతు తగ్గిస్తారు పాపం. నేను సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాను. ఈయన మారుమాట్లాడరు. ఆ మనిషిదే చెవి వెనక జుట్టు కాస్త తీసి, ముందుకి తెచ్చి, ఒక్కో వెంట్రుకా వంచి నాటుతారు. "ఎవరి జుట్టు వాళ్ళకే పెట్టాలి, పక్కవాడిది తెస్తే రంగు కలవదు" అనేది ఆయన సిద్ధాంతం. ఇంకో పద్ధతి కూడా ఉంది. దిద్దడం అయిపోగానే పాత ఫొటో ఉంచరు, దాని మీదే కొత్తది సేవ్ చేసేస్తారు. పొరపాటున ఆ పాతది కస్టమరు కంటబడితే మనసు నొచ్చుకుంటాడట. మర్యాద గల పనే, కాదనను. ఆ మర్యాదే తర్వాత మా కొంప మీదికి తెచ్చింది.

ఎందుకంటే ఈయన జుట్టూ ఊడటం మొదలైంది. మొదట ఫ్యాను కింద కూర్చోవడం మానేశారు. తర్వాత పాపిడి చోటు మారింది, ఇంకొన్నాళ్ళకి మళ్ళీ మారింది, ఆ తర్వాత మారడానికి చోటు లేక టోపీ వచ్చింది. మధ్యలో ఉల్లిపాయ రసం ప్రయోగం ఒకటి జరిగింది. దిండుకి పట్టిన ఆ కంపు వదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. జుట్టు మాత్రం రాలేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఒకరోజు నలుగురి మధ్య ఓ కస్టమరు, "ఏంటి మాస్టారూ, ఊరందరికీ నింపుతారు, మీది మీరు నింపుకోలేకపోయారా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు. ఆ సాయంత్రం షట్టరు దించుతూ నాతో అన్నారు, "పొద్దస్తమానం ఎదుటివాళ్ళ మొహాల్లో లోపాలు వెతికి వెతికి, అద్దంలో చూసుకుంటే నా మొహంలోనూ దిద్దాల్సిందే కనబడుతోందే." అది విన్నాక నేను సరదా మాటలు వెంటనే కట్టిపెట్టేశాను.

ఆ వారమే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటానన్నారు. భయం లేదు, బెరుకు లేదు. "నేను కంప్యూటర్లో చేసేదే వాళ్ళు తల మీద చేస్తారు, అంతే" అన్నారు, సగం ఆపరేషను తనే చేసేసినట్టు.

డాక్టరమ్మ సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, తొందర లేకుండా మాట్లాడే మనిషి. తలకి భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది. వెనకా పక్కలా ఉండే జుట్టు గట్టిదనీ, అక్కణ్ణుంచి కుదుళ్ళతో తీసి ముందు నాటుతామనీ, నాటినవి మొదటి వారాల్లోనే రాలిపోయి మళ్ళీ మొలుస్తాయనీ, అసలు ఫలితం కనబడటానికి ఏడాది పడుతుందనీ చెప్పింది. ఆ తర్వాత అసలు విషయానికొచ్చింది.

"నాటిన జుట్టు నిలుస్తుంది. దాని వెనకున్న మీ పాత జుట్టు నిలుస్తుందన్న హామీ లేదు. ఇంకా ఊడే దశలోనే ఉంటే, రేపు ముందు ఒక గట్టు మిగిలి దాని వెనకంతా ఖాళీ అయిపోతుంది. దాన్ని నింపడానికి వెనక అంత జుట్టు ఉండదు. అందుకే ఎంత వేగంగా పోతోందో తెలియాలి. పాత ఫొటోలు తెమ్మని ఫోనులో చెప్పాను, తెచ్చారా? మీ నాన్నగారికి ఎలా ఉండేది?"

"నాన్నగారికి బాగానే ఉండేదండీ" అని ఈయన కవరు తీసి ఫొటోలు బల్ల మీద పరిచారు. మా పెళ్ళినాటిది, పాప పుట్టినప్పటిది, దాని స్కూలు మొదటిరోజుది, ఇంకా ఏవేవో.

ఆవిడ ఒక్కొక్కటే లైటు కింద పెట్టి చూసింది. "ఆశ్చర్యంగా ఉందే. కిందటేడు దాకా నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత అసలు కదల్లేదు. ఈ మధ్య ఏదో ఒత్తిడి వల్ల కొంత ఊడి ఆగిపోయినట్టుంది. అయితే ఆపరేషను చేయొచ్చు" అంది.

ఎందుకు కదుల్తుంది? ప్రతి ఫొటోలోనూ ఆ గీతని ఈయనే కూర్చుని గీశారు. పాప స్కూలు ఫొటో దిద్దుతున్నప్పుడు పక్కన కూర్చుని బఠాణీలు వలిచింది నేనే. ఈయన నోరు విప్పుతారేమోనని చూశాను. ఈయన గోడ మీదున్న చర్మం బొమ్మని చదువుతున్నారు. పరాయివాళ్ళ ముందు మొగుణ్ణి పట్టివ్వడం నాకు చేతకాలేదు. వచ్చే నెల ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకుని బయటికొచ్చాం.

మెట్లు దిగుతుండగానే పట్టుకున్నాను. "డాక్టరు దగ్గర అబద్ధమా?"

"నేనేం చెప్పాను? ఆవిడే చూసింది."

"చూపించిందెవరు?"

"అసలు చూపిస్తే చేయనంటుంది."

"చేయననేది ఎందుకో విన్నారా? రేపు నెత్తి మీద గట్టు మిగిలితే దాన్ని ఏ కంప్యూటర్లో చెరుపుకుంటారు?"

ఈయన టోపీ సర్దుకుని బండి స్టార్ట్ చేశారు. ఆయన తల గురించి ఆయనకన్నా నేనే ఎక్కువ భయపడటం నాకే ఒళ్ళు మండేలా చేసింది.

ఇంటికొచ్చాక మా అత్తగారు, "ఏమందిరా?" అన్నారు. ఈయన అంతా చెప్పి, నాన్న సంగతి కూడా అడిగిందన్నారు.

"ఏం చెప్పావు?"

"బాగానే ఉండేదన్నాను" అంటూ హాల్లో గోడకున్న మామగారి ఫొటో వైపు చూశారు. దాంట్లో మామగారికి ఒత్తయిన జుట్టు, పక్క పాపిడి. ఆయన పోయాక ఈయనే పెద్దది చేసి, దిద్ది పెట్టారు.

అత్తగారు కాసేపు ఆ ఫొటోనే చూశారు. "ఆ గోడ మీదాయన ఎవరో నాకు తెలీదురా. నేను కాపురం చేసిన మనిషి నెత్తి మీద సబ్బు పెడితే జారి కిందపడేది. ముచ్చటపడి చేశావు కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు మీ నాన్న మొహం కావాలంటే ఆ ఫొటో చూడకుండా కళ్ళు మూసుకోవాల్సొస్తోంది."

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. ఈయన స్టూడియో తాళాలు తీసుకుని బయటికెళ్ళిపోయారు.

అది ఆదివారం, కొట్టుకి సెలవు. టీ పోసుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చుని పాత ఫోల్డర్లన్నీ తిరగేస్తున్నారు. "అసలువి ఒక్కటీ లేవు. అన్నిటి మీదా నేనే సేవ్ చేసేశాను. నా తల నా దగ్గరే లేదు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టి అన్నారు.

కాసేపటికి మౌసు మీద చెయ్యి ఆగింది. తెర మీద ఎవరో పెళ్ళికూతురు అద్దం ముందు చెవికి కమ్మ పెట్టుకుంటోంది. ఆ అద్దంలోనే, ఆమె భుజానికి పైన, కెమెరా కంటికి ఆనించుకుని వంగిన మనిషి. మా ఆయనే. కస్టమరు మొహం దిద్దేవాడు తన నీడ సంగతి పట్టించుకోలేదు. ఆ తల మీద ఒక్క దొంగ వెంట్రుక కూడా లేదు.

ఇక ఆయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఎవరిదో గృహప్రవేశంలో కిటికీ అద్దాలు, కొత్త కారు తలుపు, నగల కొట్టు షోకేసు, ఎక్కడ మెరిసేది కనబడితే అక్కడ పెద్దది చేసి చూడటమే. "ఇక్కడున్నాను! ఇదిగో, ఇక్కడున్నాను!" స్కూలువాళ్ళ బహుమతి కప్పులో కూడా దొరికారు గానీ తల గుమ్మడికాయలా సాగిపోయి పనికిరాలేదు. పనికొచ్చినవన్నీ కత్తిరించి ఏళ్ళవారీగా వరసలో పెట్టారు.

వరస పూర్తయింది. ఏడాదికేడాది నుదురు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. నడినెత్తి మీద మొదట రూపాయంత, తర్వాత అరచేయంత. అంతా నా కళ్ళ ముందే జరిగింది, దిద్దిన ఫొటోలే చూసి చూసి ఎంత పోయిందో నేనూ నిజంగా గమనించలేదు. అప్పుడు పుట్టింది నాకు అనుమానం, అనుమానంతో పాటే కోపం.

"ఇన్నేళ్ళ మన ఫొటోలూ మీరే కదా చేసింది. నన్ను కూడా దిద్దారా?"

"లేదు."

"నమ్మమంటారా?"

పాప పుట్టిన రోజు ఆసుపత్రిలో తీసింది తెరిచారు. పక్కన నిలబడ్డ ఆయనకి యువరాజులా జుట్టు. మంచం మీద నేను, ఉబ్బిన మొహం, చెదిరిన జడ, కళ్ళ కింద మసి పూసినట్టు నలుపు.

"ఆ నలుపు కనబడలేదా మీకు?" అన్నాను ఉక్రోషంగా.

"కనబడింది. అది నీదే కదా, ఎలా తీస్తాను?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టీ చల్లారిపోయిందని తిట్టి లేచాను.

మర్నాడు అత్తగారిని స్టూడియోకి తీసుకొచ్చి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని, మామగారి ఫొటో తెరిచారు. పెట్టిన జుట్టంతా తీయడం మొదలుపెట్టారు. ఆవిడ తెరకి వేలు ఆనించి చెప్పసాగారు. "ఇంకా పైకి. ఈ పక్క కూడా లేదు. చెవి దగ్గర ఉంచు, అక్కడ ఉండేది. నడినెత్తి మీద అంతా తీసెయ్, మొహమాటపడకు." చివరికి, "ఆగు. అదీ. ఆయనే" అన్నారు. అలా అన్నప్పుడు ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. ఈయన తెర వైపు చూస్తూ టోపీ తీసి తల తడుముకున్నారు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. దారిలో నేను ఒక్క మాట కూడా నేర్పలేదు. కూర్చోగానే ఈయనే మొదలెట్టారు.

"డాక్టరుగారూ, మొన్నటి ఫొటోలు నేను దిద్దినవి. నా వృత్తి అదే. ఇవి అసలువి. మా నాన్నగారిది పూర్తి బట్టతల, ఇదిగో."

ఆవిడ మొహం ముందు ఎర్రబడింది. "వాటిని నమ్మి చేసేసి ఉంటే మీ తలా పోయేది, నా పేరూ పోయేది" అంది. ఆ కత్తిరింపులు చూస్తూ చూస్తూ మెత్తబడింది. "ఇవి ఎక్కడివి? ఇది కారు తలుపా?" అని నవ్వేసింది.

ఆపరేషను ఇప్పుడు కాదంది. ముందు ఊడటాన్ని ఆపాలి. రోజూ ఒక మాత్ర, తలకి రాసుకునే మందు. మొదట్లో ఇంకాస్త రాలినా కంగారుపడకూడదు. మానేస్తే నిలిచిందీ పోతుంది. ఏడాది చూశాక, జుట్టు కుదురుకుంటే అప్పుడు నాటే సంగతి మాట్లాడుకుందాం.

"మాత్రతో ఇబ్బందులేమైనా ఉంటాయా?" అని నేనడిగాను.

"చాలామందికి ఏమీ ఉండవు. కొద్దిమంది మగవాళ్ళకి కోరిక తగ్గుతుంది, కొందరికి మనసు దిగులుగా ఉంటుంది. అలా అనిపిస్తే వెంటనే వచ్చి చెప్పాలి. మీరు మళ్ళీ బిడ్డ కోసం అనుకుంటుంటే అదీ ముందే చెప్పాలి." ఈయన వైపు తిరిగి, "సిగ్గుపడి దాచకండి" అంది.

"ఈయన దాస్తే నేను చెప్తాలెండి" అన్నాను. ఈయన చెవులు ఎర్రగా కందిపోయాయి. చెవుల మీద జుట్టు అడ్డం లేదు కాబట్టి బాగా కనబడింది.

"సరేనండీ. ఏడాదే కదా. అప్పటికి నాటొచ్చంటే నాటండి, వద్దంటే మా నాన్నలా తిరుగుతాను" అన్నారాయన. బింకం కోసం అన్నది కాదు, ఆ గొంతు నాకు తెలుసు.

మందు పని చేసిందో లేదో ముందు ముందు పోల్చడానికి ఈరోజు తల ఎలా ఉందో ఫొటో ఉండాలట. నర్సు ఆయన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు నుంచి తీసింది, పక్కల నుంచి తీసింది. తర్వాత తల వంచమని, కుర్చీ వెనక నిలబడి నడినెత్తి తీసింది. ఎప్పుడూ అందరినీ "గడ్డం కొంచెం కిందికి" అనే మనిషి, చెప్పినట్టల్లా తిరుగుతూ బుద్ధిగా కూర్చున్నారు.

"వెలుగు ఎక్కువై నెత్తి మెరిసినట్టుంది సార్. ఇంకోటి తీయనా?" అని నర్సు కెమెరా ఆయన ముందు పెట్టింది.

ఈయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఊళ్ళోవాళ్ళ ఫొటోలు చూసినంత శ్రద్ధగా చూశారు. రెండు వేళ్ళతో పెద్దది చేసి, అంచులన్నీ తిప్పి చూశారు.

"వద్దమ్మా, నిఖార్సుగా వచ్చింది. దీన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్నారు.