చెప్పులు తొడిగిన బొమ్మ

మొన్న మా గేటుకు రంగు వేస్తుంటే వరండాలో కూర్చున్న నాకు అవిసె నూనె వాసన తగిలింది. ఇక అంతే, కళ్లు వాటంతటవే మూతబడ్డాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగు బడిలో నేను కొత్త టీచర్ని. అక్కడి డ్రాయింగ్ మాస్టారు ఖాదర్ సాబు ప్రొద్దుటూరు మనిషి, ఆయన రంగుల దగ్గర ఎప్పుడూ ఈ వాసనే. ఆయన మాట్లాడుతుంటే సగం నిద్రలో కథ వింటున్నట్టు ఉండేది. ఎక్కడో దూరదేశంలో జనం రాజు మీద తిరగబడితే ఒకాయన ఆ సంగతే బొమ్మగా వేశాడట. జెండా ఎత్తి జనాన్ని నడిపించే ఆడమనిషి బొమ్మ. ఆ దేశం పేరెత్తితే ఇప్పుడు ఆ బొమ్మే గుర్తొస్తుందని పదేపదే చెప్పేవారు. మనకూ ఓటొచ్చింది గదా, మరి మన బొమ్మ ఏదీ అని ఆయన బెంగ.

ఎన్నికల ముందు ఆయనే బడి ప్రహరీ మీద వేయడం మొదలుపెట్టారు. పత్తి చేలోంచి లేచి వచ్చినట్టున్న నల్లటి మనిషి, కచ్చె పోసి కట్టిన చీర, చేతిలో జెండా. పొద్దు వాలే ఎండ పడితే ఆమె గోడలోంచి వీధిలోకి అడుగేస్తున్నట్టే ఉండేది. నేను ఇంటికి పోవడం మరిచి చూస్తూ నిలబడేదాన్ని. బొమ్మ పూర్తయిన మర్నాడే ఎవరో ఆమె పాదాలకు పసుపు పూశారు. తర్వాత టెంకాయలు కొట్టారు, బిడ్డలను తెచ్చి మొక్కించారు. సాబుగారు తల పట్టుకున్నారు.

"మొక్కితే ఆయమ్మ ఈడనే నిలబడిపోతాది టీచరమ్మా. వీళ్లు ఆయమ్మ ఎనకాల నడ్సాల గదా," అన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయన పసుపంతా కడిగి ఆమె కాళ్లకు చెప్పులు వేశారు. చేలోకి తొడుక్కుపోయే మొద్దు తోలు చెప్పులు. చెప్పులు తొడిగిన దేవతకు ఎవరు మొక్కుతారు? టెంకాయలు ఆగిపోయాయి.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. బడికి ఎదురుగా పెద్దిల్లు. ఆ వాకిలి దాటేదాకా ఆడవాళ్లూ కూలీలూ చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. టీచరునైనా నాకూ అదే పద్ధతి. మా ఊరు వేముల నుంచి ఉద్యోగానికి వచ్చిన రోజే చెప్పారు, నేనూ మారుమాటాడలేదు. ఇప్పుడు గోడ మీది మనిషి ఆ వాకిటికెదురుగా చెప్పులతో నడుస్తోంది. ఆ ఇంటి పెద్దాయన బడికి వచ్చి, చెప్పులు చెరిపితే బొమ్మ ఉంటుంది, లేదంటే గోడకు సున్నం పడుతుందని నెమ్మదిగానే చెప్పి పోబోయాడు.

"చెప్పులు తీస్తే అది నా బొమ్మ కాదప్పా. సున్నమే కొట్టించుకో," అన్నారు సాబుగారు.

సాయంత్రానికి పెద్దింటి మనుషులు సున్నం కొట్టేశారు. జెండా, ముఖం, చివరికి ఆ పాదాలు తెలుపులో కలిసిపోయాయి. సాబుగారు ప్రశాంతంగా చూస్తున్నారు, నాకే ఏడుపు ఆగలేదు. అంతా పోయింది గదా సార్ అన్నాను.

"యాడికి పోతాదమ్మా? నడ్సే మనిషి గదా, గోడ దిగింటాది."

ఇంటికి బయలుదేరాను. పెద్దింటి ముందుకు రాగానే అలవాటుగా వంగి చెప్పు మీద చెయ్యి వేశాను. ఏమైందో, అలాగే లేచి నిలబడ్డాను. చెప్పులతోనే నడిచాను. అరుగు మీంచి పెద్దాయన పిలిచాడు.

"ఏమ్మా టీచరమ్మా, కాళ్లకుండేది ఏంది?"

"చెప్పులప్పా," అన్నాను.

ఆ వాకిలి దాటేదాకా ఆగలేదు. ఖాదర్ సాబు గారు వేసిన బొమ్మ ఒక్కటైనా నా దగ్గర లేదు. నడక మాత్రం ఆయన నేర్పిందే. ఆ తర్వాత నేను ఎవరి వాకిటి ముందూ చెప్పులు చేత పట్టుకోలేదు.