అమ్మ మాట్లాడిన నాలుగు సెకన్లు

రాజాంలో నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నిరుడు పెళ్లి చేసుకున్న ఒకమ్మాయి మొన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపుకొచ్చింది. వాళ్లమ్మ ఈ మధ్యే చనిపోయిందట. వీడియో మొత్తంలో ఆవిడ మాట్లాడింది నాలుగు సెకన్లే.

"అన్నయ్యా, మా అమ్మ ఏటో సెప్తన్నాది, మద్దెలో తెగిపోనాది. మిగతాది నీకాడ ఉంటాది కదా?"

పాట మొదలయ్యే చోటుకు సరిపోవాలని ఆ మాటను అక్కడ కట్ చేసింది నేనే. డిస్క్ నిండిపోయిందని అసలు ఫుటేజీ ఎప్పుడో చెరిపేశాను. లేదని తెలిసీ ఆమె ముందు ఫోల్డర్లన్నీ తెరిచి వెతికాను. చివరికి లేదన్నాను.

"పోనీ, ఆ ముక్కే కాస్త సాగదియ్యలేవా?"

స్లో చేసి వినిపించాను. గొంతు బొంగురుగా, ఎవరిదోలా వచ్చింది.

"ఆపీ అన్నయ్యా," అంది ఆమె.

ఆపేశాను. కట్ చేసింది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను.