గ్లాసు అడుగున నట్టు

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక ఇనుప నట్టు బరువుంది. నవ్వకండి. బొటనవేలి గోరంత నట్టు. ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాను, అందుకే మీకు చెబుతున్నాను.

తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజులవి. బస్సుల్లేవు. జగిత్యాలలో మా కాలేజీకి తాళం. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. అయినా ల్యాబులోని ఫ్రీజర్ కోసం ముగ్గురం వచ్చేవాళ్లం: పీహెచ్‌డీ చేస్తున్న మా మేడం, ఆవిడ దగ్గర ప్రాజెక్టు చేస్తూ కోరుట్ల నుంచి షేర్ ఆటోలో వచ్చే నేను, అటెండర్ యూసుఫ్ భాయ్.

ఫ్రీజర్‌లో వేలెడంత సీసా ఉండేది. అందులో ఒక ప్రోటీన్. చీము పట్టించే ఒక బ్యాక్టీరియా దాన్ని తన ఒంటి గోడ మీద పెంచుకుంటుంది. మన రక్తంలోని యాంటీబాడీలు మీదికొస్తే, వాటిని తోక పట్టుకుని ఆపేస్తుంది. ఆ జన్యువును హాని చేయని మరో బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత ఆ ప్రోటీన్‌ను తయారు చేయించి, పరిశోధనల కోసం అమ్ముతారు. దానితో రక్తంలోంచి యాంటీబాడీలను వేరుచేయాలని మేడం ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తోంది.

నాకు ఆ సీసా అంటే పిచ్చి. అంత తెలివైన వస్తువు కంటికి ఎలా కనిపిస్తుంది? మేడం చాయ్‌కి వెళ్లగానే దాన్ని తీసి, పిడికిట్లో పట్టుకుని, కరిగాక కిటికీ వెలుతురులో చూసేదాన్ని. నీళ్లే. ఉత్త నీళ్లు. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. నిన్న సరిగ్గా చూడలేదేమోనని మర్నాడు మళ్లీ తీసేదాన్ని. ఒకసారి మూత తీసి వాసన కూడా చూశాను. మాటిమాటికీ కరగనివ్వకూడదని సీసా మీదే రాసి ఉంది. చదివాను. చదివి కూడా ఎందుకు ఆగలేదు? ఒక్కసారికి ఏమవుతుందిలే అని నాలుగైదుసార్లు అనుకున్నాను, అంతే.

యూసుఫ్ భాయ్‌ది సిరిసిల్ల. పవర్‌లూమ్‌లు బాగుచేసేవాడు. ఆ మోతకు ఒక చెవి దెబ్బతింటే, రెండోదైనా దక్కాలని ఆ పని మాని మా కాలేజీలో చేరాడు. ఫ్రీజర్‌లో స్టీలు గ్లాసు నిండా నీళ్లు గడ్డకట్టించి, పైన మగ్గం నట్టు ఒకటి పెట్టాడు.

"మనం లేనప్పుడు ఫ్రీజర్ ఆగి మంచు కరిగిందనుకో బిడ్డా, నట్టు అడుగుకు పోతది. మల్ల గడ్డకట్టినా ఆడనే ఉంటది. పైన ఉన్నదంటే ఏం కాలే అన్నట్టు," అని చూపించాడు. ఎంత ముచ్చటేసిందో నాకు.

ఒకరోజు కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు వెలిగించి, బండ్లు ఆపి, అక్కడే వండుకుని తినే నిరసన. కరెంటు లేకపోవడంతో ఫ్రీజర్‌ను నడిపే జనరేటర్ నిండా డీజిల్ పోసి, దాన్ని నడుస్తుండగానే వదిలి, మేం రాకముందే యూసుఫ్ భాయ్ అక్కడ బగారన్నం వండడానికి వెళ్లాడు. నేను ఆ పొయ్యిల దగ్గరే ఆటో దిగి నడిచి వచ్చాను. ఆ మధ్యాహ్నమే మేడం ప్రయోగం చేసింది. ప్రోటీన్ ఒక్క యాంటీబాడీని కూడా పట్టలేదు. ఫ్రీజర్ ఆగిందేమో, రేపు యూసుఫ్ భాయ్ వచ్చాక గ్లాసు చూద్దామని నాతో చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

నేను అప్పుడే చూశాను. నట్టు పైనే ఉంది. ఫ్రీజర్ ఆగలేదు. ఇక మిగిలింది నేనే.

గ్లాసును కుళాయి కింద చాలాసేపు పట్టాను. మంచు కరిగి నట్టు టక్కుమని అడుక్కి చేరింది. గ్లాసు మళ్లీ లోపల పెట్టేశాను. పొద్దుటికి నీళ్లు పూర్తిగా గడ్డకడతాయా లేదా అన్నదే నా దిగులు. ఆయన ఏమైపోతాడన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు ఆయనే గ్లాసు తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం వాడిపోయింది.

"నట్టు అడుగుకు పోయింది మేడం. జనరేటర్ మధ్యల ఆగినట్టుంది. తప్పు నాదే."

"ఇడిచిపెట్టి పోవద్దని చెప్పిన గద భాయ్!" అంది మేడం.

"అవును మేడం." నావైపు తిరిగాడు. "నీ ప్రాజెక్టు గూడ కరాబ్ చేసిన బిడ్డా. మాఫ్ చెయ్యి."

నేను తల ఊపాను. మాఫ్ చేసినట్టు! ఆ తల ఊపడమే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. ఆయన నన్ను అనుమానించలేదు, కనీసం తన గ్లాసునైనా అనుమానించలేదు.

నెల తిరక్కముందే యాజమాన్యం ఆయన్ను తీసేసింది. సిరిసిల్లకు, మళ్లీ ఆ మగ్గాల మోతలోకే వెళ్లిపోయాడు.

ఈమధ్య ఎక్కడో చదివాను, ఆ ప్రోటీన్ చాలా గట్టిదట. కొన్నిసార్లు కరిగినంత మాత్రాన పాడు కాకపోవచ్చట. మరి ప్రయోగం ఎందుకు చెడింది? నేను మూత తీసినందుకా? రక్తం నమూనాలోనే ఏదైనా లోపమా? చూశారా, నా బుద్ధి ఇంకా సీసా చుట్టూనే తిరుగుతోంది. సీసాలో ఏం జరిగిందో నాకు నిజంగా తెలీదు. గ్లాసులో ఏం జరిగిందో తెలుసు.

సిరిసిల్ల మీదుగా వెళ్లిన ప్రతిసారీ బస్సు కిటికీలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. దిగాలనుకుంటాను. దిగను.

ఆ నట్టు తనంతట మునగలేదు, యూసుఫ్ భాయ్. నేనే ముంచాను. ఈ మాట మొదటిసారి బయటికి అన్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది. మీ రెండో చెవి ఎలా ఉందో?