ఆదివారం కోసిన బెండకాయలు

ఎర్లీన్ అత్త నోరు మూసుకుని తొమ్మిది రోజులైంది. మాటలకు కాదు, ఆ విషయంలో ఆవిడ ఎప్పటిలాగే ఉంది. తిండికి. తుంటి ఎముక విరిగి, ఆసుపత్రి నుంచి, తన ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే మేనకోడలు ఓజెల్లా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ జావలూ, మెదిపిన దుంపలూ చూసి మొహం తిప్పుకుంటోంది. తొంభై రెండేళ్ళ మనిషి. వారానికి రెండుసార్లు వచ్చి బరువు చూసే నర్సు శుక్రవారం తేల్చి చెప్పేసింది: మంగళవారానికి ఇంకా తగ్గితే వృద్ధుల ఆసుపత్రిలో చేర్చి గొట్టంతో ఎక్కించడమే.

శనివారం పొద్దుగూకాక, దుప్పటి సర్దుతున్న ఓజెల్లాతో అత్త అంది:

"బెండకాయ వేపుడైతే తింటాను."

"వేపుడా? నీ కట్టుడు పళ్ళే సరిగా కూర్చోవడం లేదు కదత్తా!"

"అది నా బాధ. లేత కాయలున్నాయా, లేవా?"

లేవనడానికి ఓజెల్లాకు నోరు రాలేదు. గురువారం కోసింది. శుక్రవారమంతా వాన. శనివారం ఎవరివో అంత్యక్రియలు, వచ్చినవాళ్ళకి చర్చి వంటింట్లో భోజనాలు. అలబామాలో జూలై వాన పడితే బెండకాయ పూటపూటకీ సాగుతుంది. సోమవారం దాకా ఆగితే కాయకి కత్తి దిగదు. కొట్లో దొరికే వడలిన కాయలు పెడితే అత్త విసిరి కొడుతుంది. కొయ్యాలంటే ఆదివారం పొద్దున్నే కొయ్యాలి. చిక్కంతా అక్కడే.

ఆ ఊరి చర్చిలో ఎక్కడా రాసి పెట్టలేదు గానీ, ఆదివారం నాడు ఎవరూ తోటలో కత్తి పెట్టరు. పొయ్యి వెలిగించవచ్చు. పాతిక కోళ్ళు వేయించవచ్చు, పాస్టరుగారు వరసగా మూడిళ్ళలో భోంచెయ్యవచ్చు. కాయ కొయ్యడం మాత్రం పని, పని తప్పు. మండే పొయ్యి ముందు నిలబడి కోళ్ళు వేయించడం పనెందుకు కాదో ఎవరూ అడగలేదు. వేయించేది ఆడవాళ్ళు కదా!

ఆ చర్చి మహిళా సంఘానికి ఇరవై ఆరేళ్ళుగా ఓజెల్లాయే కార్యదర్శి. పెళ్ళైన దగ్గర్నుంచి ఒక్క ఆదివారం కూడా తోటలో కత్తి ముట్టలేదు. ప్రతి సోమవారం సగం బుట్ట ముదురు కాయలు కోసి, కంచె మీంచి పక్కింటి పందులకు విసిరేది. ముదురు కాయలు మోస్తున్న చెట్టు మళ్ళీ పూత పుయ్యడానికి మొరాయిస్తుందని తెలిసీ అలాగే చేసింది. ఈ త్యాగం ఎవరికి ముట్టిందో ఆవిడకు ఒక్కనాడూ కబురు రాలేదు.

ఆవిడ పెరిగిన తీరు ఇది కాదు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, తల్లి పోయిన నెలకి, తండ్రి ఉక్కు మిల్లులో పనికి వెళ్తూ పదేళ్ళ ఓజెల్లాను తన చెల్లెలి గుమ్మంలో దింపాడు. ఇళ్ళకు బట్టలుతికి బతికే ఎర్లీన్ పిల్లను దగ్గరకు తీసుకోలేదు, కన్నీళ్ళు తుడవలేదు. "రేపు పొద్దున్నే తోటకి రా. పొడుగు చేతుల చొక్కా వేసుకో" అంది, అంతే. మర్నాడు ఆదివారం. ఆ ఎండలో పొడుగు చేతులేమిటని పిల్ల పొట్టి గౌనుతోనే దిగింది. బెండాకుల నూగు మోచేతుల దాకా అంటుకుంది. చర్చిలో పాట పాడుతూ గోక్కుంటూనే ఉంది.

"ఒసేయ్, ఇవాళ మీరు బెండకాయలు కోశారు! నీ చేతులే చెబుతున్నాయి" అని వెనక బల్ల మీది పిల్లలు పకపకలాడారు.

ఇంటికొచ్చి ఏడ్చింది. ఎర్లీన్ చేతులకి మజ్జిగ రాస్తూ కసిరింది: "ఎందుకే ఏడుపు? వాళ్ళమ్మలు రేపు కర్రలు కోసుకుంటారు. మనం ఇవాళ కాయలు తింటాం. చెట్టు వారాలు లెక్కపెట్టుకుంటూ కాయదే పిల్లా!"

ఆ మధ్యాహ్నమే వేపుడు నేర్పింది. కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, అప్పుడు తరగాలి. ఉప్పు జల్లి జిగురు ఊరేదాకా వదిలెయ్యాలి. గుడ్డూ వద్దు, మజ్జిగా వద్దు. మొక్కజొన్న పిండి పట్టడానికి ఆ జిగురే చాలు. ఇనప మూకుట్లో పంది కొవ్వు కాగాక వెయ్యాలి. వేశాక ముట్టుకోకూడదు.

"కదపకే! అడుగు ఎర్రబడేదాకా చెయ్యి వెనక్కి పెట్టుకో. ముందే కెలికావంటే పిండి మూకుడికి, జిగురు మనకి."

ఆ చేత్తోనే ఇరవై రెండో ఏట ఓజెల్లా బడి వంటశాలలో ఉద్యోగం తెచ్చుకుంది. పరీక్షకని ఒక వాయి వేయించమన్నారు. గంటె పట్టుకోకుండా నిలబడితే పని రాదేమో అనుకున్నారు, తిన్నాక రేపట్నుంచి రమ్మన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఇటుకల ఇల్లు, మొగుడి జబ్బుకి మందులు, ఇప్పుడు పింఛను. చర్చిలో జనం అన్నిటికీ కలిపి గంపగుత్తగా దేవుడికి స్తోత్రం చెప్పేస్తారు. ఓజెల్లాకు ఉన్న కృతజ్ఞత అలాంటిది కాదు. దానికి పేరుంది, ఊరుంది, నోటి దురుసుంది. అది వెనక గదిలో పడుకుని తిండి మానేసింది. పైగా యాభై ఎనిమిదేళ్ళలో ఆ ముక్క ఆవిడతో ఒక్కసారీ చెప్పలేదు.

ఆదివారం ఏడింటికి ఓజెల్లా చర్చి గౌను మీద పోయిన మొగుడి చొక్కా తొడుక్కుని తోటలో దిగింది. సగం బుట్ట నిండిందో లేదో, రోడ్డు మీద కారు ఆగింది. చర్చి తలుపులు తియ్యడానికి వెళ్తున్న సంఘ పెద్ద టాలివర్.

"సిస్టర్ ఓజెల్లా! తోటలోకి పాము గానీ వచ్చిందా?"

"లేదు బ్రదర్. బెండకాయలు కోస్తున్నా."

"ఇవాళ ఆదివారం."

"చెట్లకి మీరు చెప్పండి. అవి ఆగితే నేనూ ఆగుతా."

"సాక్షాత్తూ కార్యదర్శిగారే ఇలా చేస్తే ఇక మిగతావాళ్ళకి ఏం చెబుతాం?"

"అత్త తింటానంది బ్రదర్."

టాలివర్ కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎర్లీన్ గారా? తింటానందా?"

"తనే అడిగింది."

"ఈ రోడ్డు వైపు చివరి వరసలో, ఎడమ చెట్టుకి, ఆకు చాటున రెండు లేతవున్నాయి చూడండి. నేను మాత్రం ఇటువైపు రాలేదు." కారు కదిలింది.

మూకుడు కాగింది. ముక్కలు వేసి ఓజెల్లా చేతులు కట్టుకుంది. వెనక గదిలోంచి కేక: "కదిపావా?"

"లేదత్తా!"

"కదిపినట్టు చప్పుడైంది!"

"అది నూనె!"

కాగితం సంచి చింపి, దాని మీద వేపుడు ఆరబోసి, గిన్నెలో పట్టుకెళ్ళింది. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుంది. దవడ ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఉప్పు తక్కువ" అంది అత్త, రెండోది తీసుకుంటూ.

మూడు. ఐదు. పళ్ళ సెట్టు జారితే వేలితో నెట్టుకుని మరీ నమిలింది. ఇక ఓజెల్లా ఆగలేకపోయింది.

"అత్తా, నీకొకటి చెప్పాలి. ఆ రోజు నాన్న నన్ను దింపేసి వెళ్ళాక నువ్వే లేకపోతే..."

"చల్లారిపోతోంది."

"ఈసారి చెప్పనీ. నేను తిన్న ప్రతి ముద్దా నీ చేతిదే. బడిలో వండిందీ నీ వంటే. ఆదివారాలు నిన్ను చూసి సిగ్గుపడ్డాను. అందుకే ఇన్నేళ్ళూ..."

"కర్రలు పండించావు. తెలుసు. సోమవారాలు పందులు ఎందుకు అరిచేవో నాకు తెలీదనుకున్నావా?" అత్త గిన్నె అడుగు తడిమింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. "చెప్పావుగా. విన్నాను. ఇంతకీ ఈ ముక్కలు తరిగిందెవరు?"

"నేనే."

"బొటనవేలంత మందం! మిగిలిన కాయలు ఇటు తే. కత్తి కూడా."

"నర్సు లేవద్దంది కదా!"

"పడుకుని తరగడం ఆవిడ వచ్చి చూపిస్తే నేర్చుకుంటా. దిండు పెట్టవే!"

ఓజెల్లా రెండు దిండ్లు ఎత్తు పెట్టింది. ఒళ్ళో పళ్ళెం పెట్టింది. అత్త కత్తి అందుకుంది. సన్నటి చక్రాలు ఒక్కొక్కటే పళ్ళెంలో పడసాగాయి. చర్చికి టైము మించిపోయింది. ఓజెల్లా పక్కనే కూర్చుని తొడిమలు ఏరుతోంది.

"ఇక్కడేం పని నీకు? నాకింకా ఆకలిగా ఉంది. వెళ్ళి మూకుడు పెట్టు" అంది అత్త.

ఓజెల్లా లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.