సంపులో వినిపించిన నవ్వు

మచిలీపట్నంలో మేం ఇల్లు కొనుక్కున్నాక వచ్చిన మొదటి వేసవి అది. ఇంటి ముందు నీళ్ల సంపులో పైపు అతుకు ఊడింది. టీచరైన మావారు "ఈ మాత్రం దానికి ప్లంబరెందుకు?" అంటూ, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా అటక మీంచి తీసుకుని ఖాళీ సంపులోకి దిగారు. ఎప్పుడో వాడి దాచిన డబ్బా కావడంతో మూత బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో పెకిలించేసరికి సగం ఒలికిపోయి, ఘాటు వాసన పైదాకా కొట్టింది.

"పైకి వచ్చేయండి" అన్నాను.

"ఒక్క నిమిషం" అన్నారు. కాసేపటికి ఊరికే నవ్వడం మొదలుపెట్టారు. ఏమైందని అడిగితే నన్ను వాళ్లక్కయ్య పేరుతో పిలిచారు. కేకలు పెడుతూ నేనూ సంపులోకి దిగబోయాను.

గిలకలదిండి రేవులో చేపల పడవ నడిపే ఎదురింటి బాబాయిగారు పరుగున వచ్చి, నా రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. "దిగమాకమ్మా! ఆ వాసనకి నువ్వూ పడిపోతావు" అంటూ తాడుకు ఉచ్చు వేసి లోపలికి వదిలారు. "మాస్టారూ, చంకల కిందకి వేసుకోండి!" అని అరిచారు. మూడోసారికి గానీ మావారు వేసుకోలేకపోయారు. ఇద్దరం కలిసి లాగాం.

బయటికొచ్చి వాంతి చేసుకున్నాక ఆయనకు తెలివి కుదుటపడింది. "నేను నవ్వానా?" అని నన్నే అడిగారు.

బాబాయిగారు మాత్రం అరుగు మీద కూలబడి ఏడ్చేశారు. "పడవలో చేపలు దాచే గదిలో మా తమ్ముడు ఇలాగే గాలాడక పడిపోతే, తీద్దామని దిగినవాడూ పోయాడమ్మా" అన్నారు.

ఆయన నన్ను ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.