మొదటి నీళ్లు ఎవరు వదలాలి

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో నన్ను బీరంగూడలోని ఒక కొత్త ఇంటికి ఒంటరిగా పంపారు. ఫ్రిజ్‌లో ఐసు తయారయ్యే పెట్టెకు వెళ్లే నీళ్ల పైపు మీద ఫిల్టరు బిగించాలి. అప్పటికి నేను పటాన్‌చెరులో నీళ్ల ఫిల్టర్లు అమ్మే షాపులో హెల్పర్‌ని. నా భర్త అదే షాపులో ఫిట్టర్‌గా పనిచేస్తూ చనిపోయాడు. ఆయన పనిముట్ల సంచి నాకు వచ్చింది గాని ఆయన హోదా రాలేదు. పేరు రాయడం తప్ప నాకు చదువు లేదు. నేను చెబుతుంటే ఇది మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

హోదా అన్నానని నవ్వకండి. మా పనిలో ఉన్నవి రెండే మెట్లు. సంచి మోసేది, గోడకు రంధ్రం వేసేది, చెత్త ఊడ్చేది హెల్పర్. పైపులు జోడించి, చివరకు వాల్వు తిప్పి నీళ్లు వదిలేది ఫిట్టర్. నీళ్లు వదిలినవాళ్లదే ఆ పనికి జవాబుదారీ. షాపులో కుర్చీ కూడా ఫిట్టర్‌కే. హెల్పర్ అట్టపెట్టెల మీద కూర్చోవాలి.

మా యజమాని నర్సింలు నాకంటే చిన్నవాడు. ఆ పొద్దున ఫిల్టరు చేతికిచ్చి, "యాదమ్మక్కా, గీ పని నువ్వొక్కదానివే జెయ్. మంచిగైతే రేపటి సంది నువ్వే ఫిట్టర్‌వి. ఇగ గా డబ్బాల మీదికెళ్లి లేసి కుర్సీల కూసో" అన్నాడు. ఏళ్ల తరబడి ఆ మాట కోసమే ఎదురుచూశాను.

ఆ ఇంటివాళ్లకు సంగారెడ్డి బజారులో పప్పుల దుకాణం ఉంది. గృహప్రవేశం అయిపోయింది. ఆ రాత్రికి బంధువులకు భోజనాలు. ఫ్రిజ్ అల్మారా అంత ఎత్తు, దాని చుట్టూ కొత్త చెక్కపని.

పని పెద్దదేమీ కాదు, వరస తప్పకూడదు అంతే. ముందు వాల్వు కట్టేయాలి. సన్న తెల్ల పైపును కట్టరుతో వంకర లేకుండా కోయాలి. ఫిల్టరు మీద బాణం గుర్తు ఫ్రిజ్ వైపుకు ఉండాలి. పైపు కొనను జాయింటులోకి నొక్కితే లోపలి రబ్బరు రింగు దాన్ని పట్టుకుంటుంది. ఆ కొన మీద నలుసు కూడా ఉండకూడదు. ఫ్రిజ్‌కు కలిపే ముందు పైపును బకెట్లో పెట్టి నీళ్లు వదలాలి. కొత్త ఫిల్టరులోంచి మొదట బొగ్గుపొడి కలిసిన నల్లనీళ్లు వస్తాయి. అవి తేటపడ్డాకే ఫ్రిజ్‌కు బిగించాలి. మొదట తయారైన ఐసు పారబోయమని ఇంటివాళ్లకు చెప్పి రావాలి.

ఫిల్టరు బిగించి, పైపు కొనను బకెట్లో పెట్టాను. వాల్వు మీద చేయి వేయబోతుంటే ఇంటి పెద్దావిడ, షావుకారమ్మ, నా నొసటి వైపు చూసింది.

"నీ పెనిమిటి ఏం జేస్తడు?"

"లేడమ్మా. సచ్చిపోయిండు."

"అయ్యో, ముందుగాల జెప్పొద్దా! కొత్త సామానుకు మొదటి నీళ్లు నీ చేత వదిలిస్తరా? మా కోడలు వదుల్తది. నువ్వు జెర బయట కూసో."

"అమ్మా, ఇంకా నల్లనీళ్లు పోవాలె, పైపు బిగియ్యాలె…"

"నల్లా తిప్పుడు మాకు రాదా ఏంది? దానికి పెద్ద సదువు గావాల్నా?"

కారు నిలిపే చోట కూర్చోబెట్టారు. లోపల కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది. కొంతసేపటికి కోడలు వచ్చి, అయిపోయింది, వెళ్లమంది. ఒక్కసారి చూసి పోతానన్నాను. "మంచి గడియల జేసినం, ఇగ దాన్ని ముట్టకు" అని లోపలినుంచి షావుకారమ్మ అంది.

మర్నాడు పొద్దున్నే షాపుకు ఫోను వచ్చింది. చుట్టాల గ్లాసుల్లో ఐసు కరిగి నల్లటి మడ్డి తేలిందట. రాత్రంతా ఫ్రిజ్ వెనక నీళ్లు కారి చెక్కంతా ఉబ్బిపోయిందట. నర్సింలు నన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్లాడు.

వాల్వు కట్టేసి ఫ్రిజ్ వెనక జాయింటు లాగాను. పైపు కొనకు బొట్టు పెట్టి, తడి పసుపు ఆరకముందే లోపలికి తోసేశారు. పసుపూ కుంకుమా రబ్బరు రింగు చుట్టూ పేరుకున్నాయి. రింగు సరిగా పట్టలేదు, నీరు చెమర్చింది. వేలితో తుడిచి నర్సింలుకు చూపించాను.

"గీ పసుపుతోనే కారింది సూడు."

షావుకారమ్మ లేచింది. "పసుపు కుంకుమల మీద నింద ఏస్తవానే? అవి లేనిదానికి వాటి ఇలువేం దెల్సు? నువ్వు ముట్టినందుకే గిట్లయింది!"

కోడలు నేల చూపులు చూసింది. ఆ బొట్టు పెట్టింది ఆమే. నేను నర్సింలు వైపు చూశాను. నా వేలి మీద పసుపు ఆయన కళ్లెదురుగానే ఉంది.

ఆయన చేతులు జోడించాడు. "తప్పు మాదే అమ్మా. హెల్పర్‌ను ఒక్కదాన్నే పంపిన. ఇగ పంప."

తిరుగుదారిలో బండి మీద, "నాకు తెల్వదా అక్కా? గని గా కాలనీల ఇంకా శానా కొత్తిండ్లు లేస్తున్నయ్. ఆమె ఒక్క మాటంటే మనల్ని ఎవ్వరు పిలువరు" అన్నాడు. నేనేమీ అనలేదు. అనడానికి నోరు రాక కాదు. అంటే ఉన్న సంచి కూడా పోతుంది.

ఆ వారమే నా తర్వాత చేరిన మనిషిని ఫిట్టర్ చేశారు. మోకాళ్లు అరిగి పని మానేసేదాకా నేను అతని వెనక సంచి మోశాను.

ఆ పని వల్ల రెండు సంగతులు తెలిశాయి. పైపు కొనను ఇంకొకరు ముట్టుకుంటే ఆ ముక్క కోసి పారేసి, శుభ్రమైన కొనతో మళ్లీ బిగించాలి. ఇది కొత్తగా చేరిన హెల్పర్లందరికీ చెప్పాను. నీళ్లు మనల్ని వదలనివ్వకపోతే ఫిల్టరు ఊడదీసి, సంచి సర్దుకుని వచ్చేయాలి. ఇది ఎవరికీ చెప్పలేదు. అలా వచ్చేసిన ఫిట్టర్‌ను యజమాని వెనకేసుకొస్తాడు. హెల్పర్ అయితే మర్నాడు రావద్దంటాడు.